స్టెల్లా ముక్కు

భార్గవ్‌కు ఎక్కడికైనా ప్రయాణమంటే ముందు రైస్ కుక్కరు సర్దడం. పాస్‌పోర్టులైనా మరిచిపోతాడేమో గాని దాన్ని మరవడు. అక్టోబరు సెలవులకి జర్మనీలో తాముండే డార్మ్‌స్టాట్ నుంచి కారులో ఇటలీ వెళ్దామని అనుకున్నారో లేదో, కుక్కరు, సోనామసూరి బియ్యం, కందిపప్పు, చింతపండు, ఆవకాయ సీసా, అన్నీ హాల్లోకి వచ్చి కూర్చున్నాయి. అతని భార్య ప్రవీణ నడుం మీద చెయ్యేసుకుని ఆ సంతంతా ఒకసారి చూసింది.

“ఇటలీ చూడనీకి పోతున్నమా, ఎవరిదన్న పెండ్లికి వంట చెయ్యనీకి పోతున్నమా?”

“నీ కోసమేనమ్మా తల్లీ! నువ్వు తినేది పెరుగన్నం ఒక్కటే గదా. అక్కడ నీకెవరు పెడతారది?”

ఆర్నెల్లుగా ఆమె తింటున్నది పెరుగన్నమే, అదీ చల్లగా, పోపు లేకుండా.

సంగతేమిటంటే, ఆ రెండువేల ఇరవై ఒకటో సంవత్సరం ఏప్రిల్‌లో ఇంట్లో ముగ్గురికీ కొవిడ్ వచ్చింది. భార్గవ్‌కు రెండు రోజుల జ్వరం, అయిదేళ్ళ నీనాకు ఒక పూట దగ్గు, అంతటితో సరి. ప్రవీణను పట్టుకున్న జ్వరం మాత్రం పోతూ పోతూ ఆమె ముక్కును కూడా వెంటబెట్టుకుపోయింది. వాసన లేదు, రుచి లేదు. అదే వస్తుందిలే అని అందరూ అన్నారు. వేసవిలో వచ్చింది కూడా. కానీ వచ్చింది వాసన కాదు, వాసన దయ్యమై వచ్చింది. కాఫీ కలిపితే రబ్బరు కాలుతున్న కంపు. ఉల్లిపాయ వేగితే మురుక్కాలవ. సబ్బు, టూత్‌పేస్టు, మొగుడి చొక్కా, ఒకటేమిటి, అన్నిట్లోనూ ఒకే కుళ్ళు కంపు. చెవి-ముక్కు డాక్టరు దగ్గర టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, దొరికేసరికి ఆగస్టు వచ్చింది. ఆయన లవంగం, గులాబీ, నిమ్మ, నీలగిరి తైలాల చిన్న సీసాలిచ్చి రోజూ పొద్దునా సాయంత్రం వాసన చూడమన్నాడు. “తిరిగి రావచ్చు. ఎప్పుడు వస్తుందో, ఎంత వస్తుందో చెప్పలేను. వస్తే ఒక్కొక్కటిగా వస్తుంది” అన్నాడు. చెప్పలేనని చెప్పడానికి అంత చదువెందుకో ఆ మహానుభావుడికి!

ఇంతవరకూ అందరికీ తెలిసిందే. ఆఫీసులో తెలుసు, హనుమకొండలో అమ్మకు తెలుసు, వాట్సాప్ గ్రూపులో ఉన్న తెలుగువాళ్ళందరికీ తెలుసు. ఆవిరి పట్టమని ఒకరు, ముక్కులో నెయ్యి వేసుకోమని ఒకరు, సలహాలకు కరువేం లేదు. ఎవరికీ తెలియనిది ఒక్కటుంది. అది ప్రవీణ కడుపులో దాచుకుని తిరుగుతోంది.

జూలైలో ఒక సాయంత్రం నీనా కీటా నుంచి, అంటే పసిపిల్లల బడి నుంచి వచ్చి, షూస్ విప్పి విప్పకుండానే అమ్మ ఒళ్ళోకి ఎక్కింది. ఎప్పుడూ చేసినట్టే తల తెచ్చి అమ్మ గడ్డం కింద పెట్టింది. కొబ్బరినూనె రాసిన ఆ జుట్టులోంచి కుళ్ళు కంపు గుప్పున కొట్టింది. అంతకు ముందు ఏ వస్తువులోనూ రానంత ఘోరంగా వచ్చింది. ప్రవీణ పిల్లను తోసేసి, “ఛీ, కంపు!” అంటూ బాత్రూంలోకి పరిగెత్తి వాంతి చేసుకుంది. మొహం కడుక్కుని బయటికి వచ్చేసరికి నీనా గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

కన్నబిడ్డ తల వాసనకు వాంతి చేసుకున్న తల్లి ఈ లోకంలో ఎక్కడైనా ఉంటుందా? ఎవరితో చెప్పుకోవాలిది? అమ్మతో చెబితే గుండె ఆగిపోతుంది. భర్తతో చెబితే ఏమనుకుంటాడో! అందుకని కొవిడ్ మళ్ళీ వస్తుందన్న భయాన్ని అడ్డం పెట్టుకుంది. ఇంట్లో కూడా మాస్కు పెట్టుకుంది. ముద్దులు దూరం నుంచే గాల్లోకి వదిలింది. నీనా మొదట్లో ఏడ్చింది. తర్వాత ఏడవడం మానేసి నాన్న గదిలో పడుకోవడం మొదలుపెట్టింది. ఏడ్చినప్పటికంటే మానేసినప్పుడే ప్రవీణకు ఎక్కువ భయం వేసింది. కాఫీ పోతే పోయింది, పోపు పోతే పోయింది, ఇది గనక ఇట్లనే ఉండిపోతే నేనెట్ల బతకాలె అని రోజూ తనలో తనే కుమిలిపోయేది.

భార్గవ్ ఇవేమీ తెలియని మనిషి. ఆమెకు అలుపు వచ్చిందనుకున్నాడు. ఇంట్లోంచే ఆఫీసు, మూసిన కీటా, లాక్‌డౌను, రోగం, ఎవరికి మాత్రం రాదు? ఆఫీసులో ఎవరో చెప్పారని, ఉత్తర ఇటలీ కొండల్లో ద్రాక్షతోటల మధ్య ఒక పల్లెటూళ్ళో ఇల్లు మాట్లాడాడు. టీకా సర్టిఫికెట్లు ఫోన్లలో పెట్టుకున్నారు, బయలుదేరారు. స్విట్జర్లాండులో సొరంగం మీద సొరంగం దాటి సాయంత్రానికి ఆ ఊరు చేరారు.

ఊరంటే ఊరూ కాదు. కొండ నెత్తిన ఒక చర్చి, దాని చుట్టూ పట్టుమని యాభై ఇళ్ళు, షట్టరు సగం దించిన ఒక కాఫీ కొట్టు. కిందికి చూస్తే కొండల నిండా ద్రాక్షతీగలు, ఆకులు పండి ఎరుపూ పసుపూ కలిసిపోయి ఉన్నాయి. కోత అయిపోవచ్చింది. ఖాళీ పెట్టెలు వేసుకుని ఒక ట్రాక్టరు మాత్రం మెల్లగా పోతోంది. అది కూడా మలుపు తిరిగాక ఇంక చప్పుడన్నది లేదు. చర్చి గోడ మీద పోయినవాళ్ళ ఫోటోలతో కాగితాలు అంటించి ఉన్నాయి, పాతవి చిరిగి, వాటి మీదే కొత్తవి. కిందటేడు ఈ ప్రాంతమంతా ఎట్లా అల్లాడిందో టీవీలో చూసిందే కాబట్టి ప్రవీణ అటు ఎక్కువసేపు చూడలేదు.

ఇంటావిడ పేరు ఒర్నెల్లా. డెబ్భై దాటిన మనిషి, పొట్టిగా, గట్టిగా ఉంది. వయసులో ఉన్నప్పుడు ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర ఫ్యాక్టరీలో పని చేసిందట. ఆ పాతకాలపు జర్మన్‌లోనే గడగడా మాట్లాడింది. మాస్కూ లేదు, దూరమూ లేదు. కారు దిగీ దిగగానే నీనాను ఎత్తుకుని రెండు బుగ్గల మీదా, నడినెత్తి మీదా చప్పుడయ్యేట్టు ముద్దులు పెట్టింది.

“రెండేళ్ళయింది ఈ వాకిట్లో పిల్ల గొంతు వినపడి,” అని కళ్ళు తుడుచుకుంది.

నీనా కూడా ఆవిడ మెడ పట్టుకుని వదల్లేదు. ప్రవీణ నవ్వుతూనే చూసింది గాని, ముక్కూ మొహం తెలియని ముసలమ్మ పొందుతున్నది తనకు లేకుండా పోయిందే అని ఏడుపొచ్చింది.

ఆ పూట ఒర్నెల్లా వెన్న వేసిన పాస్తా తెచ్చిపెట్టింది. ప్రవీణ దూరం జరిగి విషయం చెప్పింది. పాపం ఆవిడకు అర్థమయింది. పళ్ళెం తీసేసి నల్లద్రాక్షల గుత్తి తెచ్చి ముందు పెట్టింది. ద్రాక్షకు మాత్రం ఏ కంపూ లేదు, పుల్లగా తియ్యగా ఉంది. ప్రవీణ ఆ గుత్తంతా తినేసి, ఈ ఊరికి వచ్చినందుకు ఇదైనా దక్కిందిలే అనుకుని, హాయిగా నిద్రపోయింది.

తెల్లవారేసరికి వాన పడి వెలిసింది. కొండల మీద పొగమంచు ఇంకా కదల్లేదు. నీనా వంటింట్లో ఒర్నెల్లాతో కలిసి పిండి పిసుకుతోంది. భార్యాభర్తలు వాకిట్లో బల్ల దగ్గర కూర్చున్నారు. అప్పుడు అడవి వైపు నుంచి ఒక ముసలాయన గమ్ బూట్లతో, చేతికర్రతో వచ్చాడు. ఒర్నెల్లా తమ్ముడు పియెరో. ఆయన వెనకాల ఉంగరాల బొచ్చున్న తెల్లకుక్క, స్టెల్లా. పియెరో టోపీ తాకి పలకరించి తన దారిన పోతున్నాడు. స్టెల్లా మాత్రం ఆగిపోయింది. ముక్కు పైకెత్తింది. ఒక్క గెంతులో భార్గవ్ కారు వెనక్కి పోయి డిక్కీని రెండు కాళ్ళతో గీకడం మొదలుపెట్టింది.

“అరెరే, కారు! నిన్నగాక మొన్న పాలిష్ పెట్టించాను!” అని భార్గవ్ లేచాడు.

పియెరో ఈల వేశాడు. స్టెల్లా వినలేదు. ఒకసారి మొరిగి, డిక్కీ ముందు కూర్చుని, యజమాని వంక చూసింది. అంతే, అప్పటిదాకా మర్యాదగా ఉన్న పెద్దమనిషి మొహం ఎర్రబడింది. చేతికర్ర ఆడిస్తూ ఒకటే కేకలు. పిండి చేతులతో ఒర్నెల్లా పరిగెత్తుకొచ్చింది.

“నిన్న సాయంత్రం మీరు కారేసుకుని అడవి వైపు ఎందుకు వెళ్ళారని అడుగుతున్నాడు,” అంది ఇబ్బందిగా.

“ఫోను సిగ్నలు కోసం వెళ్ళానండీ! ఆఫీసు మెసేజ్ ఉంటే!”

పియెరో నమ్మలేదు. ఒర్నెల్లా నచ్చజెప్పుతూనే సంగతి విప్పింది. ఆ అడవిలో, చెట్ల వేళ్ళ దగ్గర, నేల లోపల ట్రఫుల్ అని ఒకటి పెరుగుతుంది. పుట్టగొడుగు జాతి, చూడ్డానికి చిన్న ఆలుగడ్డలా ఉంటుంది, బంగారంతో సమానం. మనిషి కంటికి కనపడదు, కుక్క పసిగట్టాల్సిందే. ఎవరి చోటు వాళ్ళకు రహస్యం, కన్నకొడుక్కి కూడా చెప్పరు. స్టెల్లా ఇట్లా కూర్చుందంటే దాని ముక్కు కింద ట్రఫుల్ ఉన్నట్టే. పదేళ్ళలో దాని ముక్కు ఒక్కసారి కూడా తప్పలేదట.

“అంటే మేము దొంగలమనా?” ప్రవీణకు ఒళ్ళు మండింది. “భార్గవ్, డిక్కీ తెరువు. ఏమున్నదో చూసుకోనీ ఆయన్ని!”

భార్గవ్ తెరిచాడు గాని, ఎందుకో ఆ తెరవడంలో అంత ఊపు లేదు. బియ్యం సంచి, పప్పు సంచి బయటికి వచ్చాయి. స్టెల్లా వాటి వంక కన్నెత్తి చూడలేదు. ఖాళీ అయిన డిక్కీలోకి దూకి, అడుగున స్టెప్నీ టైరు మీద మూత ఉంటుందే, దాని మీద పంజా వేసి గీకింది. భార్గవ్ మొహం పాలిపోయింది.

“టైరు కింద ఏమున్నది?” అంది ప్రవీణ.

“ఏవుంటది? టైరే.”

“భార్గవ్!”

“...ఇంగువ,” అన్నాడు తలొంచుకుని. “మా అమ్మ తెనాలి నుంచి పంపిన ముద్ద ఇంగువ. నీకు పోపు వాసన పడదు గదా, కంటికి కనపడితే కూడా బాధపడతావని టైరు కింద పెట్టా. నువ్వు అట్లా తోటలోకి షికారు పోయినప్పుడు ఇంత చారు కాచుకుందామని... ఇంగువ లేకుండా చారేంటి ప్రవీణా, నీళ్ళు గదా అది!”

నవ్వాలో తిట్టాలో తెలియక ప్రవీణ నిలబడిపోయింది. టైరు కింది నుంచి స్టీలు డబ్బా వచ్చింది. డబ్బాలో కవరు, కవరులో కవరు, దానికి రబ్బరు బ్యాండ్లు, లోపల గాజు సీసా, సీసాలో గోధుమరంగు ముద్ద. ఇంత కట్టుదిట్టం చేసినా పసిగట్టేసిన స్టెల్లా, నా పని నేను చేశాను బిస్కట్టు ఏదీ అన్నట్టు తోక ఊపుతోంది. పియెరో మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. “మదోన్నా!” అని మేరీమాతను తలుచుకుని రెండడుగులు వెనక్కి వేశాడు. ఒర్నెల్లా కూడా వాసన చూసి తుమ్మింది. పియెరో అనుమానంగా ఇంకోసారి చూశాడు, ఈసారి నెమ్మదిగా, కళ్ళు మూసుకుని. తర్వాత భుజాలు కదిలించి నవ్వడం మొదలుపెట్టాడు. కర్ర కింద పడేసి, కారును పట్టుకుని మరీ నవ్వాడు.

నవ్వు ఆగాక కోటు జేబులోంచి రుమాలు తీసి విప్పాడు. అందులో మట్టి అంటుకున్న లేతపసుపు గడ్డ ఒకటి ఉంది. దాన్ని ఇంగువ సీసా పక్కన పెట్టి ఏదో అన్నాడు.

“ఇవి రెండూ అక్కచెల్లెళ్ళంటున్నాడు,” అంది ఒర్నెల్లా. “తప్పయిపోయింది, క్షమించమంటున్నాడు. వాసన చూడమంటున్నాడు. అట్లా ఎవరికి పడితే వాళ్ళకు చూపించడు వాడు.”

భార్గవ్ ముక్కు పెట్టి ఎగిరి గంతేశాడు. “ఇంగువే ప్రవీణా! ఒట్టు, అచ్చం ఇంగువే! కాస్త మట్టి కలిసింది, అంతే!”

పియెరో ఇప్పుడు రుమాలును ప్రవీణ వైపు చాపాడు. అప్పటిదాకా దూరంగా ఊపిరి బిగబట్టి నిలబడ్డ మనిషి తను. వద్దంటే ఆయన క్షమాపణ కాదన్నట్టు అవుతుంది. వాసన చూస్తే ఆ కుళ్ళు కంపుకు ఆయన ముందే వాంతి అవుతుందేమో! అయినా మాస్కు గడ్డం కిందికి లాక్కుని వంగింది. ఊపిరి బిగబట్టుకుని, చూసినట్టు నటిద్దామనుకుంది. ఎంతసేపని బిగబడుతుంది? ఊపిరి ఆగక లోపలికి వచ్చేసింది.

కంపు కోసం ఎదురుచూసింది. రాలేదు. ముందు వానకు తడిసిన మట్టి వచ్చింది. దాని వెనకాలే ఘాటుగా, ముక్కు దూలాన్ని తాకుతూ ఇంకోటి వచ్చింది. ఇంగువ. ఇంకేదీ కాదు, ఇంగువే. ఆర్నెల్లుగా ఏ వాసనా తన పేరుతో తాను రాలేదు. ఇది వచ్చింది. పియెరో చేతిలోని సీసా లాక్కుని దాన్ని కూడా చూసింది. అదీ ఇంగువే.

“ఇంగువ... ఇంగువ లెక్కనే వస్తున్నది భార్గవ్! మా అమ్మమ్మ చారు లెక్క వస్తున్నది!” అని అక్కడే మెట్ల మీద కూలబడి, ఒక చేతిలో సీసా, ఒక చేతిలో ట్రఫుల్ పట్టుకుని, ఏడుస్తూ నవ్వింది. భార్గవ్ కూడా పక్కన కూలబడ్డాడు. ఆ అక్కాతమ్ముళ్ళకు తెలుగు మాటలేవీ అర్థం కాలేదు గాని, ఏదో మంచే జరిగిందని తెలిసి వాళ్ళూ నవ్వారు. నీనా పిండి మొహంతో గుమ్మంలోకి వచ్చి దూరం నుంచే చూస్తుంటే, పియెరో పిల్లను, కుక్కను వెంటబెట్టుకుని తోటలోకి తీసుకుపోయాడు.

భార్గవ్‌కు ఆత్రం ఎక్కువ. పరిగెత్తుకెళ్ళి కాఫీ తెచ్చాడు. ప్రవీణ ఆశగా ముక్కు పెట్టింది. రబ్బరు. ఉల్లిపాయ కోసి తెచ్చాడు. మురుక్కాలవ. ఒక్కొక్కటిగా వస్తుందన్న డాక్టరు మాట గుర్తొచ్చింది. ఇంగువ వచ్చింది. మిగతావాటి మాటేమిటి? అసలైనదాని మాటేమిటి? ఆ సంగతి తలుచుకోగానే ఆమె సంతోషమంతా చప్పగా చల్లారిపోయింది.

“ఏవైంది? మంచిదే గదా, ఒకటి వచ్చిందంటే ఇంకోటీ వస్తది,” అన్నాడు భార్గవ్.

ఇంక దాచుకోవడం ఆమె వల్ల కాలేదు. జూలై నాటి సాయంత్రం మొదలుకుని అంతా చెప్పేసింది. కొవిడ్ భయం ఉత్తదేనని, పిల్ల దగ్గరికి వస్తే కడుపులో తిప్పుతుందని, అందుకే మాస్కని, తనలాంటి తల్లి ఉండకూడదని, వెక్కుతూ వెక్కుతూ చెప్పింది.

భార్గవ్ చేతిలోని ఉల్లిపాయ అవతల పారేశాడు. “ఇన్నాళ్ళూ ఒక్కదానివే మోశావా ఇది? నేను ఉత్తి అలుపనుకున్నా,” అన్నాడు. తర్వాత చొక్కా కాలరు వాసన చూసుకుని, “నేను కూడా కంపేనా?” అని అడిగాడు.

“నువ్వయితే మరీను,” అంది. ఏడుపులోనే నవ్వొచ్చింది ఆమెకు. “పిల్లకు తెల్వకుంటే చాలు. అదొక్కటే నాకు.”

భార్గవ్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. “దానికి తెలుసు ప్రవీణా. పడుకునేటప్పుడు రోజూ నన్నడుగుతుంది, నాన్నా నేను కంపు కొడుతున్నానా అని. కీటాలో ఎవరో పిల్లలు ఏడిపించారనుకున్నా. లేదురా బంగారం అని పడుకోబెట్టేవాణ్ణి. ఆ మాట నీ నోట విన్నదని నాకేం తెలుసు?”

వేసవి నుంచీ ఆ పసిది తప్పు తనదేననుకుంటోంది. తన నుంచి కంపు వస్తుంది కాబట్టే అమ్మ రావడం లేదనుకుంటోంది. ముక్కు బాగుపడితే అప్పుడు చూద్దామని తను ఆగింది. ఎప్పటికి బాగుపడాలి, ఎప్పటికి ఆగాలి? వాంతి అయితే కానీ, ఆగేది లేదు ఇంక. ప్రవీణ లేచి నిలబడింది.

అప్పుడే తోటలోంచి నీనా వచ్చింది. ఆ అవతారం చెప్పనలవి కాదు. మోకాళ్ళ దాకా బురద, మూతి నిండా ద్రాక్షరసం. పక్కన నీటిగుంటలో దొర్లి వచ్చిన స్టెల్లా ఒళ్ళు దులుపుకుంటోంది, ఆ నీళ్ళన్నీ పిల్ల జుట్టులోకే. అమ్మను చూసి నీనా మెట్లకు కాస్త దూరంలోనే, అలవాటైన చోటు ఏదో ఉన్నట్టు, టక్కున ఆగిపోయింది. చేతులు వెనక్కి పెట్టుకుంది.

“అమ్మా, దగ్గరికి రాకు. ఇష్ స్టింకె, కంపు కొడుతున్నా. నేను ఫస్ట్ స్నానం చేస్తా, తర్వాత చెప్తా నీకు.”

ప్రవీణ గడ్డం కింద ఉన్న మాస్కు లాగి పారేసి పరిగెత్తింది. బురదలోనే మోకాళ్ళ మీద కూర్చుని పిల్లను మీదికి లాక్కుంది. నీనా బిగుసుకుపోయి ఊపిరి బిగబట్టింది, కంపు వచ్చేది ఊపిరిలోంచే అన్నట్టు. ప్రవీణ ఆ తడిజుట్టులో ముక్కు పెట్టి, కళ్ళు మూసుకుని, గట్టిగా పీల్చింది.

తడిసిన కుక్క. తడిసిన కుక్క అంటే తడిసిన కుక్కే, రబ్బరూ కాదు, మురుగూ కాదు. బురద. పులిసిన ద్రాక్ష. వాటన్నిటి అడుగున కొబ్బరినూనె, చెమట, ఇంకా పేరు లేనిది ఒకటి, ఆసుపత్రిలో మొదటిసారి చేతికిచ్చినప్పటి నుంచీ తెలిసినది. అన్నీ ఉన్నాయి, ఎక్కడివక్కడే ఉన్నాయి. ప్రవీణ మళ్ళీ పీల్చింది, మళ్ళీ మళ్ళీ పీల్చింది. మెట్ల మీద భార్గవ్ ఏమవుతుందో అని గుండెలు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

“కంపు కొడుతున్నానా?” అంది నీనా, మెల్లగా.

“మస్తు కొడుతున్నవ్ బిడ్డా! కుక్క కంపు, బురద కంపు, మస్తు కంపు!”

పిల్ల గింజుకుంది. “అయితే వదులు. ఒర్నెల్లా నీళ్ళు కాస్తుంది, నేను స్నానానికి...”

“ఇయ్యాల నీకు స్నానం లేదు,” అంది ప్రవీణ, ఆ జుట్టులోంచి ముక్కు తియ్యకుండానే. “రేపు గూడ లేదు.”